మామ ఎరగని గొంతు

మొన్న చలికాలంలో నన్ను సిటీలో ఒక పెద్ద దవాఖానలో కొన్నాళ్ళు ఉంచారు. మంచం ఎక్కించగానే ఒక నర్సు పిల్ల వచ్చి రెండు పక్కలా ఇనుప కమ్ములు పైకి లేపింది. ఎర్ర బొత్తం ఒకటి నా అరచేతిలో పెట్టి, "అవ్వా, ఒక్కదానివే లేవకు. లేవాల్ననిపిస్తే గిది ఒత్తు. నేనొచ్చి పట్టుకుంట" అని చెప్పింది.

"నన్ను దొడ్లో దూడను చేసినవ్ గదనే" అని కసిరాను.

"పడితే తుంటి ఇరుగుతది అవ్వా" అని నవ్వుకుంటూ పోయింది. కాసేపు ఊరుకుని ఆ బొత్తం ఒత్తి చూశాను. నిజంగానే పరుగెత్తుకొచ్చింది. ఏం కావాలని అడిగితే ఏం చెప్పను? ఏమీ వద్దన్నాను. వద్దంటూనే ఏడుపొచ్చింది. పాపం, ఆ పిల్ల కంగారుపడి బీపీ చూసింది. బీపీకేం, బాగానే ఉంది. నాకు మా మామ గుర్తొచ్చాడు, అంతే. ఆయన మంచానికి కమ్ములు లేవు, చేతిలో బొత్తం లేదు. ఉన్నదల్లా నేను. ఆయనకు నేను ఉండీ లేనట్టే.

మాది ఇబ్రహీంపట్నం దగ్గర, మంచాల అనే ఊరి దిక్కు ఒక మెట్ట ఊరు. ఇంట్లో మామ, అత్త, మా ఆయన, నేను. మా ఆయన నిజాం మీద కొట్లాడే సంఘంలో కలిసి అడవి పట్టాడు. అప్పుడప్పుడు పొద్దుగూకే వేళ దొడ్డిదారిన వచ్చి, నిలబడే రెండు ముద్దలు మింగి పోయేవాడు. సర్కారు పోలీసులు ఎప్పుడు ఊరి మీద పడతారో తెలియని రోజులవి.

మా ఇళ్ళలో కోడలు మామ ఎదుట పడకూడదు. ఇప్పటి పిల్లలు మామ పక్కనే కూర్చుని టీవీ చూస్తారు, ఆయన చేతికే చాయ్ ఇస్తారు. సంతోషం, చల్లగా ఉండనీ. మాకట్లా కాదు. మామ ఇంట్లోకి వచ్చే ముందు గడప అవతల నిలబడి 'ఉహ్హూ' అని ఒక దగ్గు దగ్గేవాడు. అది వినగానే చేతిలో పిండి ఉన్నా, పొయ్యి మీద పాలు పొంగుతున్నా వదిలేసి నేను వంటింటి తలుపు వెనక్కి పోవాలి. ఎన్ని పాలు పొంగిపోయాయో నాకే తెలుసు. కొన్నాళ్ళకు ఆ దగ్గు చెవిన పడితే చాలు, నా కాళ్ళు నన్ను అడగకుండానే లేచేవి.

ఆయనకూ నాకూ మధ్య మాటలన్నీ అత్త నోటి గుండానే నడిచేవి. అత్త లేకపోతే ఆయన గుంజతో మాట్లాడేవాడు. "నీళ్ళుంటే మంచిగుండు" అని గుంజకు చెప్పేవాడు. నేను చెంబు తెచ్చి గుంజ దగ్గర పెట్టి తలుపు వెనక్కి పోయేదాన్ని. రొట్టె మాడితే, "ఇయ్యాల జొన్నలకు కోపమొచ్చినట్టున్నది" అనేవాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేదాన్ని. అన్నేళ్ళ కాపురంలో నా గొంతు ఎట్లా ఉంటుందో ఆయన చెవిన పడలేదు. నా మొహం పెళ్ళినాడు చూసి ఉంటే చూసి ఉంటాడు.

చెడ్డవాడు కాదు సుమా. సీతాఫలాలు పండే రోజుల్లో మా చెలక చేను నుంచి వస్తూ మొదటి కాయ తెచ్చి వంటింటి గడప మీద పెట్టి దగ్గేవాడు. అది నాకేనని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట అనరు.

ఆయన రెండు కళ్ళకూ పొర కమ్మింది. ముసలితనమే కదా అని ఊరుకున్నాం. ఒకనాడు చీకటిపడే వేళ ఎవరో వచ్చి వాకిట్లో నిలబడ్డారు. ఆ మనిషి పలకలేదు, ఉలకలేదు. మామ కొడుకే వచ్చాడనుకున్నాడు. "వచ్చినవా బిడ్డా, లోపలికి రా, నీ తోటోళ్ళు బయట ఉన్నరా?" అని చెయ్యి చాచాడు. ఆ వచ్చినవాడు పోలీసులకు ఉప్పందించేవాడు. తెల్లారేసరికి ఇల్లంతా పీకి పందిరేశారు. గింజల గుమ్ములు బోర్లించారు, అత్తను నెట్టేశారు, మామను చింతబరికెతో కొట్టారు. దెబ్బలకు ఆయన ఏడవలేదు. పోలీసులు పోయాక అరుగు మీద కూర్చుని, "కన్నకొడుకెవడో, కానోడెవడో ఎరుక పట్టలేకుంటైన" అని ఏడ్చాడు. కొడుకు ఎన్నాళ్ళు బతుకుతాడో తెలియదు. ఈసారి వస్తే వాడి మొహం చూడాలి. ఆ ఒక్క ఆశ పట్టుకున్నాడు.

అప్పుడే పట్నం నుంచి కండ్ల డాక్టరు ఇబ్రహీంపట్నం దవాఖానకు వచ్చి ఆపరేషన్లు చేస్తున్నాడని తెలిసింది. వానాకాలంలో కంటిని ముట్టుకోవద్దని ఊళ్ళో అందరూ అన్నారు. మామ వినలేదు. మరి తోడు ఎవరు పోవాలి? ఇల్లు వదిలితే మళ్ళీ ఏమవుతుందోనని అత్త కదలలేకపోయింది. ఆమెకు మోకాళ్ళు కూడా సహకరించవు. ఆడబిడ్డలు లేరు. ఇక మిగిలింది నేను. బండి ముందు భాగంలో తోలే మనిషి పక్కన మామ, వెనక భాగంలో ఆయనకు వీపు తిప్పి కొంగు కప్పుకుని నేను. దారి పొడుగునా ఆయన ఎద్దులతోనే మాట్లాడాడు.

దవాఖాన అంటే పెద్దదేం కాదు. పెంకుల కప్పు, ముందు వరండా, ఆడవాళ్ళకొక గది, మగవాళ్ళకొక గది. ఇనుప మంచాలు ఎంత ఎత్తున్నాయంటే, నులకమంచం మీద పడుకున్న మా ముసలాళ్ళకు అటక మీద పడుకోబెట్టినట్టు ఉండేది. అక్కడ ఒక నర్సమ్మ ఉండేది. కిరస్తానీ మనిషి, మెదక్ దిక్కు నుంచి వచ్చింది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. డాక్టరు మామకు ఒక కన్ను ఆపరేషన్ చేసి, రెండు కళ్ళకూ కట్టు కట్టి, మళ్ళీ వచ్చి కట్టు విప్పుతానని పట్నం వెళ్ళిపోయాడు. మామ తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి నర్సమ్మ నాకు చెప్పింది.

"ఇగో పిల్లా, ఇను. తాత లేవొద్దు. తల తిప్పొద్దు. కట్టు ముట్టొద్దు. గట్టియి నమలొద్దు, జావనే తాపాలె. అన్నిటికన్న ముందుగాల దగ్గొద్దు. దగ్గితే కుట్టు తెగి కన్ను పోతది. సమజైందా?"

నేను తల ఊపాను. ఆమె అటు తిరిగిందో లేదో, మామ 'ఉహ్హూ' అన్నాడు. నేను లేచి వరండాలోకి పోయాను.

చూడండి మా తెలివి. కళ్ళకు కట్టు ఉంది, నేను ఎక్కడున్నానో ఆయనకు కనపడదు. కొంచెం కాలు జరపాలన్నా, పంచె సర్దుకోవాలన్నా, కోడలు దగ్గరుందేమోనని ముందు దగ్గేవాడు. దగ్గు వినగానే నేను బయటికి నడిచేదాన్ని. మనిషి కావాల్సిన సమయానికే మనిషి లేకుండా పోయేది. నర్సమ్మ రెండుసార్లు చూసింది, మూడోసారి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏం తాతా, దగ్గొద్దంటే ఎందుకు దగ్గుతున్నవ్? నువ్వెందుకే, ఆయన దగ్గంగనే ఉరుకుతున్నవ్?"

వరండాలోకి తీసుకుపోయి, కొంగు చాటున ఆమె చెవిలో చెప్పాను. ఆమె నెత్తి కొట్టుకుంది. "ఓ నా తల్లీ! గీడ నువ్వు కోడలువి కాదు, కాపలాదానివి. మనిషి పడితే పట్టుకోవాలె" అంది.

"ఎట్ల పట్టుకుంట? మామ" అన్నాను.

"మామకు ఎముకలుండయా?" అని తిట్టింది. తిట్టి లాభం లేదని ఆమెకే తెలిసింది. లోపలికి పోయి కట్టుగుడ్డ పట్టీ పొడుగ్గా చింపుకొచ్చింది. ఒక కొస మామ మణికట్టుకు కట్టింది. రెండో కొస తలుపు సందులోంచి వరండాలోకి తెచ్చి నా చేతికి కట్టింది. "తాతా, ఏం కావాలన్న గిది గుంజు. నోట్లెకెళ్ళి సప్పుడు రావొద్దు. నీ కోడలు వచ్చి నన్నో, జమాదార్నో పిలుస్తది" అని చెప్పింది. జమాదారంటే అక్కడ మగవాళ్ళ పనులు చూసే మనిషి.

ఆ పట్టీ పని చేసింది. మామ గుంజేవాడు, నేను పోయి నర్సమ్మనో జమాదారునో తెచ్చేదాన్ని. నీళ్ళకైతే చెంబు తెచ్చి మంచం పక్క పెట్టి పట్టీ ఒకసారి కదిపేదాన్ని. ఆయన చెయ్యి చాచి తడుముకునేవాడు. దగ్గు పూర్తిగా మానేశాడు. కొన్నిసార్లు ఏమీ అక్కర లేకుండానే పట్టీ మెల్లగా కదిలేది. నేను ఉన్నానో లేదో చూసుకుంటున్నాడన్నమాట. నేనూ మెల్లగా కదిపేదాన్ని. నిజం చెప్తున్నాను, అన్నేళ్ళలో మామతో అంత మాట్లాడింది ఎప్పుడూ లేదు. వరండాలో గోడకు ఒరిగి కూర్చుని, వాన చూస్తూ, ఆ పట్టీ ఎప్పుడు కదులుతుందా అని ఎదురుచూసేదాన్ని.

కట్టు విప్పాల్సిన రోజు దగ్గరపడింది. సరిగ్గా అప్పుడే యూనియన్ మిలిటరీ వస్తున్నదని గోల మొదలైంది. ఆకాశంలో విమానాలు తిరిగాయి. బజారు మూతపడింది. పట్నం రోడ్డు మీద బండ్లు ఆగిపోయాయి. డాక్టరు రాలేదు. జమాదారు పెళ్ళాం పిల్లలను చూసుకుంటానని పోయి మళ్ళీ రాలేదు. "డాక్టరు రాంగనే ఇప్పుదాం, నేను ముట్టుకోను. ఇంకా మాననట్టున్నది. నువ్వు మాత్రం తాతను లేవనియ్యకు" అని నర్సమ్మ నాకు పదే పదే చెప్పింది.

తరువాత అంతా అయిపోయిందన్నారు. నిజాం సర్కారు లొంగిపోయిందన్నారు. జనం రోడ్ల మీదికొచ్చి జెండాలు పట్టుకుని అరిచారు. ఇక భయం లేదు, అడవిలో ఉన్నవాళ్ళంతా ఇళ్ళకు వస్తారని వరండాలో ఎవరో అంటుంటే విన్నాను. ఆ మర్నాడు మిట్టమధ్యాహ్నం మా ఆయన దవాఖాన మెట్లెక్కి వచ్చాడు.

గడ్డం రొమ్ము దాకా పెరిగింది. చిక్కి సగమయ్యాడు. కళ్ళను బట్టే గుర్తుపట్టాను. నన్ను చూసి ఆగాడు. నేను లేచి నిలబడ్డాను. మాట్లాడాలి. 'లోపలున్నాయన లేవొద్దు, కట్టు ముట్టొద్దు, నువ్వు పట్టుకుని పడుకోబెట్టు' అని చెప్పాలి. ఎంత మాట అది? తలుపు అవతలే మామ ఉన్నాడు. మామ వినేటట్టు కోడలు మొగుడితో మాట్లాడటమా? మా ఇళ్ళలో అంతకంటే సిగ్గులేనితనం లేదు. నేను చేతి గాజులు గలగలలాడించాను, ఆగు అన్నట్టు. ఆయన దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నాడు, ఎన్నాళ్ళకో చూసిన పెళ్ళాం పలకరిస్తున్నదనుకున్నాడు. చిన్నగా నవ్వి లోపలికి పోయాడు.

తండ్రీ కొడుకుల మధ్య కోడలు ఉండకూడదు. పట్టీ చేతి నుంచి ఊడదీసి తలుపు వెనక నిలబడ్డాను. సందులోంచి చూస్తున్నాను.

"బాపూ" అన్నాడు మా ఆయన.

మామ ఒళ్ళంతా కదిలింది. "ఎవరు? బిడ్డా? నువ్వేనా?" అని లేవబోయాడు. కొడుకన్నవాడు ఏం చేస్తాడు, తండ్రి లేస్తుంటే? వీపు కింద చెయ్యి వేసి లేపి కూర్చోబెట్టాడు. ఇసుక సంచులు దభీమని కింద పడ్డాయి. "నీ మొఖం సూడనీ, ఒక్కసారి సూడనీ" అంటూ మామ రెండు చేతులా కట్టు పైకి లాగుతున్నాడు.

నేను అరవలేదు. 'వద్దు' అంటే చాలు. ఒక్క ముక్క. అది నా నోట్లోంచి రాలేదు. నర్సమ్మ కోసం ఆడవాళ్ళ గదికి పరుగెత్తాను. అక్కడ ఎవరికో కాన్పు అవుతోంది. ఆమె చెయ్యి పట్టుకుని లాగి, వేలితో చూపించాను. ఆమె వచ్చేసరికి కట్టు మామ నుదుటి మీద ఉంది. కంట్లోంచి రక్తం చెంప మీదికి కారుతోంది.

"అయ్యో యేసయ్యా!" అని ఆమె దూకి ఆయన చేతులు పట్టుకుని వెనక్కి పడుకోబెట్టింది. మా ఆయన బిక్కచచ్చిపోయి నిలబడ్డాడు. ఆయనకేం తెలుసు, ఎవరు చెప్పారు?

మామ మాత్రం నవ్వుతున్నాడు. "కనపడ్డవ్ బిడ్డా" అన్నాడు. "మంచిగ గడ్డం గీసుకున్నవ్. చిన్నప్పటి లెక్కనే ఉన్నవ్."

మా ఆయన ఆ గడ్డం చేత్తో పట్టుకుని గోడ వైపు తిరిగాడు. నర్సమ్మ కట్టు కడుతూ కడుతూ పెదవి కొరుక్కుంది. ఆ అబద్ధానికి అడ్డు చెప్పిన వాళ్ళు లేరు.

మా ఆయన ఎక్కువసేపు ఉండలేకపోయాడు. మిలిటరీ వాళ్ళు సంఘం మనుషులను వెతికి పట్టుకుంటున్నారని అప్పటికే కబురు వచ్చింది. భయం పోయిందనుకున్నది మా వెర్రి. ఆయన మళ్ళీ పోయాడు. కొన్నాళ్ళకే పట్టుకుని జైల్లో వేశారు.

మామకు కన్ను వాచింది, జ్వరం పట్టుకుంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి దెబ్బలు తగిలినవాళ్ళను బండ్లలో తెచ్చి వరండా నిండా పడుకోబెట్టారు. నర్సమ్మకు కూర్చునే తీరిక లేదు. నాకు వరండాలో చోటు లేదు. తలుపు లోపలి పక్క, మూలకు ఒదిగి పట్టీ పట్టుకుని కూర్చున్నాను. మామ జ్వరంలో ఎద్దులను అదిలిస్తున్నాడు, చెలక దున్నుతున్నాడు. ఉన్నట్టుండి లేచి కూర్చుని కాళ్ళు మంచం కిందికి వేలాడేశాడు. ఇంట్లో నులకమంచం ఎత్తులోనే ఉన్నాననుకున్నాడేమో, దిగడానికి ముందుకు వాలాడు.

నేను ఎప్పుడు లేచానో, ఎట్లా చేరానో తెలియదు. రెండు చేతులా పట్టుకున్నాను. ఆయన తల నా భుజం మీద పడింది. ఎంత తేలికైపోయాడు మనిషి! ఒళ్ళు కాలిపోతోంది.

"ఎవరది?" అన్నాడు.

"నేను" అన్నాను.

"నేనంటే ఎవరమ్మా? కొత్త నర్సమ్మవా?"

కోడల్ని అని చెబితే ఆయన చేతులు విదిలించుకుంటాడు. విదిలించుకుంటే పడతాడు. సిగ్గుతో ఇక నోరు విప్పడు, నీళ్ళు కూడా అడగడు. అదంతా నాకు ఆ ఒక్క క్షణంలో తెలిసింది.

"అవ్ తాతా. కొత్తగ వచ్చిన" అన్నాను.

"గట్లనా. మంచిది బిడ్డా" అని నా చేతుల్లోనే మెత్తబడ్డాడు. నేను పడుకోబెట్టాను.

ఆ పూట నుంచి నేను చిన్న నర్సమ్మను. జావ చెంచాతో తాపించేదాన్ని. మొహం తుడిచేదాన్ని. "లేవొద్దు తాతా, తల కదిలిస్తే చూడు మల్ల" అని గద్దించేదాన్ని. నా గొంతులో అంత అధికారం ఉందని నాకే తెలియదు. ఆయన చిన్నపిల్లాడిలా వినేవాడు. నర్సమ్మ ఒకసారి తలుపు దగ్గర నిలబడి అంతా విని, నన్ను బయటికి పిలిచి, "నా నౌకరీ గుంజుకున్నవ్ గదనే" అంది. నవ్వబోయింది, కళ్ళు తుడుచుకుని పోయింది.

జ్వరం తగ్గుతున్న కొద్దీ ఆయనకు మాటలొచ్చాయి. ఎన్ని మాటలు! ఇంట్లో గుంజకు చెప్పిన మనిషేనా అనిపించేది. తన పెళ్ళిలో వాన వచ్చి పందిరి కూలిన సంగతి చెప్పాడు. అత్త కొత్తకోడలుగా ఉన్నప్పుడు బావిలో చేద పోగొట్టిన సంగతి చెప్పాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వితే ఆయన ఇంకా చెప్పేవాడు. ఆ మంచం పక్కన నేల మీద కూర్చుని, ఇదే మనిషి మా ఇంట్లో ఇన్నాళ్ళూ ఉన్నాడా అని ఆశ్చర్యపోయాను.

ఒకనాడు జావ తాగుతూ మధ్యలో ఆగాడు.

"బిడ్డా, బయట మా కోడలుంటది. ఎర్ర అంచు చీర. చూసినవా?"

"చూసిన తాతా."

"ఆమె తిన్నదా?"

"తిన్నది."

"నువ్వు కండ్లతోని చూసినవా, ఊకెనే అంటున్నవా? ఆమె తినకున్నా చెప్పది. మా ముసలిది ఈడ లేదు, ఆమెను అడిగేటోళ్ళు లేరు. నా జావల సగం ఆమెకియ్యి."

బయటికి వచ్చి గోడవైపు తిరిగి ఏడ్చాను. తరువాత లోపలికి పోయి, "ఇచ్చిన తాతా, తాగింది" అని చెప్పాను. నిజంగానే తాగాను.

రోడ్డు తెరిచాక డాక్టరు వచ్చి చూసి, ఆ కన్ను పోయిందన్నాడు. రెండో కంటికి చలికాలంలో ఆపరేషన్ చేస్తానన్నాడు. మామ వద్దంటే వద్దన్నాడు. "నేను చూడాల్సింది చూసిన" అన్నాడు. ఆ మాట ఆయన నమ్మే అన్నాడో, జైల్లో ఉన్న కొడుకు తన వల్లే తండ్రి కన్ను పోయిందని కుమిలిపోకూడదని అన్నాడో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇంటికి వచ్చిన రోజే మామ గడప అవతల నిలబడి దగ్గాడు. నేను తలుపు వెనక్కి పోయాను. అంతే, మళ్ళీ మొదటికి వచ్చాం.

అత్తకు మాత్రం జరిగింది చెప్పాను. ఆమె చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. "చెప్పకు బిడ్డా. కోడలు ఒళ్ళు తుడిచిందని తెలిస్తే ముసలోడు సిగ్గుతోని సస్తడు" అంది. ఆమె మాట సబబే అనిపించింది. చెప్పలేదు. మామ అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు: "దవాఖానల చిన్న నర్సమ్మని ఒకామె ఉండె. కడుపుల పెట్టుకుని చూసింది. కన్న బిడ్డ గూడ గట్ల చూడది." లోపల రొట్టెలు చేస్తూ నేను వినేదాన్ని. సంతోషమే. సంతోషం కాదని ఎట్లా అంటాను? కానీ పిండి పిసుకుతుంటే చేతులు ఆగిపోయేవి.

ఆ యేడు సీతాఫలాలు పండగానే అత్తతో అన్నాడు, "మొదటి కాయలు చిన్న నర్సమ్మకు పంపియ్యి. కోడలు పోయి ఇచ్చిరానీ." ఆ సాలు వంటింటి గడప మీదికి కాయ రాలేదు. గంప నెత్తిన పెట్టుకుని ఇబ్రహీంపట్నం పోయాను. పెద్ద నర్సమ్మను వేరే ఊరికి బదిలీ చేశారు. ఎవరికివ్వను? దవాఖాన మెట్ల మీద కూర్చుని ఒకటి తిన్నాను, మిగతావి రోగులకు పంచాను. ఇంటికి రాగానే మామ అత్తనడిగాడు, "ఏమన్నదట?" మస్తు తియ్యగ ఉన్నయన్నదని అత్తతో చెప్పించాను. ప్రతి సాలూ ఇదే నాటకం. ఒక్కో సాలు నవ్వొచ్చేది, ఒక్కో సాలు ఒళ్ళు మండేది. నా ఇంట్లో, నా పేరున రావాల్సిన కాయ, ఊరుగాని ఊరు మోసుకుపోయి పరాయిదానిలా తినడమేమిటి!

కొన్నేళ్ళకు మా ఆయన జైలు నుంచి వచ్చాడు. ఒకసారి అడిగాడు, "ఆ పొద్దు తలుపు కాడ నువ్వున్నవ్ గద. బాపు లేవొద్దని ఎందుకు చెప్పలే?"

"నువ్వెందుకు అడగలే?" అన్నాను. కోపంతోనే అన్నాను. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తనివ్వలేదు నేను. అందుకే చిన్న నర్సమ్మ సంగతి కూడా ఆయనకు చెప్పడం పడలేదు.

ఆ తరువాతి వానాకాలం మామ మంచం పట్టాడు. ఈసారి దవాఖాన వద్దన్నాడు. గుక్క నీళ్ళు పోయబోతే పెదవులు బిగబట్టేవాడు. ఒళ్ళు తుడవబోతే చెయ్యి తోసేసేవాడు. "చిన్న నర్సమ్మను పిలిపియ్యిరి. ఆమె తాపితే తాగుత" అన్నాడు. మా ఆయన వెంటనే ఇబ్రహీంపట్నం బండి తోలించాడు. బండి పోయి ఉత్తదే తిరిగొచ్చింది. అట్లాంటి నర్సు ఇక్కడెప్పుడూ లేదన్నారట. మా ఆయన ఆ మాట తండ్రికి చెప్పలేక, "వస్తున్నది బాపూ, తొవ్వల ఉన్నది" అన్నాడు.

ఇల్లంతా జనం. మామ అన్నదమ్ములు, కులపెద్దలు, ఊరి మగవాళ్ళు మంచం చుట్టూ కూర్చున్నారు. అత్త వంటింట్లోకి వచ్చి నా రెక్క పట్టుకుంది. "పో బిడ్డా. సిగ్గు లేదు, శరం లేదు, నేను చెప్తున్న పో. ఒక్క మాట పలుకు" అంది. చెంబులో నీళ్ళు పట్టుకుని గడప దాకా పోయాను. 'వచ్చిన తాతా' అంటే చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. మగవాళ్ళందరూ తలలెత్తి నన్ను చూశారు. మా ఆయన కూడా, ఇదేమిటి ఇక్కడికి వచ్చింది అన్నట్టు చూశాడు. నేను కొంగు ముందుకు లాక్కుని చెంబు గడప మీద పెట్టి వెనక్కి వచ్చాను.

పొద్దుగూకే దాకా ఆయన అడుగుతూనే ఉన్నాడు. గొంతు ఆరిపోయింది, అయినా ఎవరు పోసినా నీళ్ళు తాగలేదు. ఆ తరువాత అడగలేదు.

మగవాళ్ళు లేచి వాకిట్లోకి నడిచాక నేను గడప దాటాను. పోయిన మామ కాళ్ళు పట్టుకుని కోడలు శోకం పెట్టవచ్చు, మా ఇళ్ళలో దానికి అడ్డు లేదు. ఎంత గట్టిగా పెడితే అంత మర్యాద. కాళ్ళ మీద పడి గొంతెత్తి ఏడ్చాను. ఊరంతా విన్నది. నా పక్కనున్న ముసలామె ఎవరో నా వీపు నిమిరి, "కోడలు గొంతు మంచిగున్నది" అని మెచ్చుకుంది.